గొంతు తగ్గిన గడియారం

కొల్లూరు,
జూన్ నెల, తొలి వాన పడ్డ రోజు

కోడలు పిల్ల రవళికి మామ చిన్నరాములు రాసేదేమంటే,

ఇక్కడ నేను, నీ సోమమ్మత్త మంచిగున్నం. మామ ఫోన్ ఎత్తుతలేడని మొగులయ్యతోని అడిగించినవంట. ఎత్తి ఏం జెయ్యాలె బిడ్డా. నా ఫోన్ ఖరాబైంది. నువ్వు "తిన్నవా" అంటే నాకు "ఉన్నవా" అని వినవడ్తది. పోయినసారి "ఉన్న, ఇంక పోలేదు" అని జవాబిస్తే నువ్వు పడిపడి నవ్వినవు. దుకాణపాయన ఇంకో ఫోన్ ఇచ్చిండు. అది గూడ గంతే. ఇప్పటి సామానే గిట్లున్నది. అందుకే ఇగ కాగితం మీదనే మాట్లాడుకుందం. మొగులయ్య రోజూ సంగారెడ్డి నుంచే డ్యూటీకి వస్తడు గద. మా బొల్లారం కంపెనీ బస్సుల నేను స్టీరింగ్ కాడ, వాడు తలుపు కాడ. వాని టిఫిన్ సంచిల చిట్టీ వేస్తే పొద్దుమీకి నీ హాస్టల్‌కు చేరుతది. కారం అంటితే దులుపుకో.

ఇయ్యాల చిట్టీతోని నా గడియారం గూడ పంపుతున్న. ఈ మధ్య ఎనకవడ్డది. బస్సు కంపెనీ గేట్ల అడుగు పెట్టినంక గూడ ఇంకా టైమున్నదని చెప్తున్నది. గంత ధీమా నాకే లేదు.

ఇది పోచయ్య డ్రైవర్ ఇచ్చిందని నీకెరుక. నాకు బస్సు నేర్పినాయన. రిటైరై డ్యూటీ దిగిన నాడు తన చేతిది విప్పి నా చేతికి కట్టి, "దీనికి చావి ఇచ్చే పని లేదురా. చెయ్యి ఊగితెనే నడుస్తది. స్టీరింగ్ దిగిన చేతికి ఇది నిలువది. స్టీరింగ్ ఎవనిదో గడియారం వానిది" అన్నడు. అప్పటిసంది ఇడువలేదు. పొద్దుగాల లేవంగనే చెవి కాడ పెట్టుకొని, దాని ముచ్చట విన్నంకనే చాయ్ తాగుత.

మంచి మెకానిక్‌ను చూడు. ముందట కూసొని చేయించు, పక్కకు జరగకు. ఈ గడియారాలోళ్లు లోపటి అసలు సామాను తీసి నకిలీది ఏస్తరు. నువ్వు కెమిస్ట్రీ మేడంవు. నిన్నెవరు మోసం చేస్తరు.

నీ మామ
చిన్నరాములు


సంగారెడ్డి,
జూలై మొదటి వారం

మహారాజశ్రీ బొల్లారం బస్సు సారథులు, మేనమామలలో మేటి చిన్నరాములు గారి దివ్యసముఖమునకు, మేనకోడలు రవళి, ఎమ్మెస్సీ, అనేక నమస్కారములు చేసి వ్రాసుకొను విన్నపము.

మొగులయ్యన్న టిఫిన్ సంచిలో మీ గడియారానికి, మామిడికాయ తొక్కుకు నడుమ జరిగిన యుద్ధంలో గడియారమే గెలిచింది. పట్టీకి మాత్రం గాయాలయ్యాయి.

మెకానిక్ దొరికింది. పేరు శ్రీలత. పాత బస్టాండు దగ్గర దుకాణం. ముందు భాగమంతా ఫోన్ల కవర్లు, వెనక వాళ్ల నాన్న వదిలిపెట్టిన పనిబల్ల. ఆ బల్ల ముందు ఆమె కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటే గిరాకీలు పరీక్ష రాసే పిల్లల్లా గుసగుసలు మానేస్తారు. ఆ దుకాణంలో అన్నీ దొరుకుతాయి, వినయం తప్ప. "ఈ జిల్లాల ఆటోమేటిక్ విప్పి మళ్ల సక్కగ బిగించేటోళ్లు ఇద్దరే మేడం. ఒకరు మా నాన్న. ఆయనకిప్పుడు చేతులు వణుకుతున్నయ్," అంది. రెండోవారెవరో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

తమ ఆజ్ఞ ప్రకారం పక్కకు కదలలేదు. కాలేజీకి సెలవు పెట్టాను. కారణం "దగ్గరి బంధువుకు ఆపరేషన్" అని రాశాను. ఏ భాగానికని ప్రిన్సిపాల్ సారు అడిగితే "చేతికి" అన్నాను. అబద్ధమాడానా?

వెనక మూత తీయగానే అర్ధచంద్రం లాంటి బరువైన బిళ్ల కనిపించింది. చెయ్యి ఊగినప్పుడల్లా అది గిర్రున తిరిగి లోపలి స్ప్రింగును చుడుతుందట. "బస్సు డ్రైవర్ చెయ్యా? అయితే ఈ గడియారం ఏనాడూ ఆకలితోని పండుకోలే," అంది శ్రీలత. జబ్బు నూనెది. పాత నూనె ఎండి జిగురైంది; చక్రాలు బురదలో దిగిన ఎడ్లలా ఈడ్చుకుంటున్నాయి. అన్నిటినీ విప్పి, కడిగి, పళ్ల సందుల్లో మురికిని పుల్లతో తీసి, సూదిమొనతో నూనె చుక్కలు పెట్టింది. నీళ్లు పోకుండా కొత్త రబ్బరు వాషరు వేసింది. అద్దం మీద గీతలు పోయేలా రుద్దింది. ఆ వాషరు తప్ప మరేదీ మార్చలేదని కెమిస్ట్రీ మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. మధ్యలో ఒక్కసారి తుమ్మాను. అప్పుడు మాత్రం కళ్లు మూసుకున్నాను.

ఇట్లు, ఆపరేషన్ థియేటర్ నుండి,
మీ రవళి


కొల్లూరు,
ఆగస్టు, బోనాలైనంక

కోడలా,

నీ చిట్టీ సదివి నీ అత్తకు వినిపించిన. ఆమె నవ్వింది. నీ పుస్తకాల తెలుగుకు దండం.

గడియారం టైం మంచిగ చూపెడ్తున్నది. కానీ దీనికి గొంతు లేదు. ముందే జెర తగ్గిందనుకుంటున్న, ఆమె చెయ్యి పెట్టినంక మొత్తమే పోయింది. ముల్లు తిరుగుతున్నది, లోపట చప్పుడు లేదు. ఇంట్ల ఉండి మాట్లాడని మనిషి లెక్క ఉన్నది. అసలు మిషన్ తీసి ప్లాస్టిక్‌ది ఏదో ఏసింది. ఎప్పుడు మార్చిందంటవా? నువ్వు తుమ్మినవు చూడు, అప్పుడు.

ఎవలననుకొని ఏం లాభం. ఈ కాలంల ఎవరూ ఏ పనీ గట్టిగ చేస్తలేరు. మా కాలనీల బోనాలకు డప్పులు గూడ మెత్తగ కొట్టిండ్రు. ముందట నిలబడ్డా గుండెకు తాకలేదు. మొగులయ్యను చూడు, "రైట్ రైట్" అంటే వాని నోటికి వానికే వినవడది. తింటలేడో, ఏం పాడో. అందుకే బస్సు రేకు మీద చరుసుమని చెప్పిన. రెండు దెబ్బలైతే పోనిచ్చుడు, ఒక్కటైతే ఆపుడు. అది నా సీటు దాక తెలుస్తది. షిఫ్టోళ్లు నవ్వుతున్నరు, పెళ్లి బస్సు లెక్క మోగుతున్నదని.

గడియారం మళ్ల పంపుతున్న. ఆ శ్రీలతను నిలదియ్యి. పోచయ్య ఇచ్చిన మిషన్ నాకు వాపసు గావాలె.

నీ మామ


సంగారెడ్డి,
ఆగస్టు ఆఖరు

ఫిర్యాదుదారు శ్రీ చిన్నరాములు గారికి, విచారణాధికారి రవళి సమర్పించు నివేదిక.

తమరి అభియోగాన్ని నిందితురాలికి చదివి వినిపించాను. "ప్లాస్టిక్" అనే మాట దగ్గర ఆమె కంటి భూతద్దం జారి బల్ల మీద పడింది. "మా నాన్న బల్ల మీద ప్లాస్టికా? మీ మామను రమ్మనుండ్రి. ఆయన ముందట విప్పి పరుస్త. ఒక్కటి అటిటున్నా ఈ దుకాణం రాసిస్త," అంది. రాసిచ్చినా నాకు ఫోన్ కవర్ల మీద ఆసక్తి లేదని మనవి చేసుకున్నాను.

తర్వాత ఒక వింత చూపించింది. ఆమె ఫోనులో ఒక యాప్ ఉంది. గడియారాన్ని ఫోను మైకు దగ్గర పెడితే, ఆ యాప్ టిక్కుటిక్కును విని తెర మీద గీత గీస్తుంది. గడియారం తూలుతుంటే గీత వంకరపోతుందట. మన గడియారం గీత మాత్రం హైవే మీద మీ బస్సులా తిన్నగా పోయింది. దాన్ని కాగితం మీద తీయించి జతచేస్తున్నాను. నేను కూడా చెవి దగ్గర పెట్టుకున్నాను మామా. గట్టిగానే కొట్టుకుంటోంది. మా హాస్టల్ వంటమనిషి ఉల్లిగడ్డలు తరిగే చప్పుడు గుర్తొచ్చింది.

అయినా ఫిర్యాదుదారు మాటను తోసిపుచ్చరాదు కనుక, ఈ కేసును సోమమ్మత్త ధర్మాసనానికి బదిలీ చేస్తున్నాను. గడియారం ఆమె చెవి దగ్గర పెట్టు. ఏమందో ఉన్నదున్నట్టు రాయి. ఆమె తీర్పే తుది తీర్పు.

ఇట్లు,
ఇకమీదట తుమ్మనని హామీ ఇస్తూ,
రవళి


కొల్లూరు,
సెప్టెంబర్

రవళీ,

గీత ఎందుకు పంపినవు? దాన్ని చెవిల పెట్టుకోవాల్నా?

నీ అత్తకు వినవడ్తదంట. "మంచిగనే కొట్టుకుంటున్నది" అన్నది. నేను మూడుసార్లు అడిగితే గప్పుడు చెప్పింది, అది గూడ చేతులు తిప్పుకుంట. ఆమె తీర్పు నేను ఒప్పుకోను. ఏడాది సంది ఆమె మాటనే సక్కగ లేదు. నోట్లె నోట్లె గొణుగుతది. జెర గట్టిగ చెప్పే అంటే కోపంతోని వంటింట్లకు పోతది. గసొంటామె గడియారానికి సాక్ష్యమా.

పట్నంల ఎవరన్న పెద్ద మెకానిక్ ఉంటే చూపియ్యి. లేదంటే నీ కాడనే పెట్టుకో. గొంతు లేని గడియారం నాకెందుకు.

చిన్నరాములు


సంగారెడ్డి,
సెప్టెంబర్ ఆఖరు

మామా,

ఈసారి బిరుదుల్లేవు. నీ ముందట కూసొని మాట్లాడినట్టే రాస్త.

పట్నం పోలేదు. గడియారాన్ని మా స్టాఫ్‌రూంల ఒక స్టీలు గ్లాసుల వేసి బల్ల మీద పెట్టిన. ఎవరికీ ఏం చెప్పలే. తలుపు కాడ కూసున్న జువాలజీ మేడం "ఏందా టకటక" అని లేచి వచ్చింది. అంత గట్టిగ కొట్టుకుంటున్నది మామా నీ గడియారం.

గప్పుడు నీ చిట్టీలు మళ్ల తీసి సదివిన. ఫోన్ గొంతు తగ్గింది. బోనాల డప్పుల గొంతు తగ్గింది. మొగులన్న గొంతు తగ్గింది. అత్తమ్మ గొంతు తగ్గింది. ఇప్పుడు గడియారం గొంతు గూడ తగ్గింది. గింతమంది మాట్లాడుకొని ఒక్కసారే గొంతు తగ్గిస్తరా?

మొగులన్న గొంతు మెతకది కాదు. మొన్న మా హాస్టల్ గేటు కాడ "రవళీ" అని పిలిస్తే మూడో అంతస్తుల పిల్లలు కిటికీలు తెరిసిండ్రు.

నీ చెవి చూపించుకుందం మామా. నేనే వస్త, నిన్ను తోలుకపోత. అది పెద్ద జబ్బేం గాదు. గడియారంల నూనె ఎండినట్టే అనుకో.

నీకు కోపమొస్తదని తెలుసు. ఒక్క మాట చెప్పి ఆపుత. నీ ఎనుక సీట్లల్ల బస్సు నిండ మనుషులుంటరు. మొగులన్న రేకు మీద చరిస్తే నీకు తెలుస్తది. పక్కనుంచి వచ్చే లారీ రేకు మీద చరిసి రాదు గద మామా.

రవళి


సంగారెడ్డి,
అక్టోబర్, బతుకమ్మ వెళ్లిన వారం

మహారాజశ్రీ... ఇంతవరకు రాసి ఆగిపోయాను. మళ్లీ మొదలుపెడతాను.

మామా, మొగులయ్యన్న టిఫిన్ సంచి ఖాళీగా వస్తోంది. సద్దుల బతుకమ్మ నాడు అత్తమ్మ పంపిన సత్తుపిండి అందింది. సంచి దులిపి చూశాను, చిట్టీ ఏమైనా అడుగున అంటుకుందేమోనని. పిండి రాలింది. "రాములన్న ఏమన్నడు" అని అడిగితే మొగులన్న చెప్పులు చూసుకుంటూ, "ఏమంటలేడు. బస్సు నడుపుతుండు, ఇంటికి పోతుండు," అన్నాడు.

గడియారం నా చేతికే ఉంది. బోర్డు మీద రాసిన రోజు బాగానే నడుస్తుంది. దసరా సెలవుల్లో మంచం దిగకుండా పడుకుంటే అదీ పడుకుంది. లేపడానికి కూరలో గరిటె తిప్పినట్టు చెయ్యి తిప్పుతున్నాను. హాస్టల్‌లో నాకేదో పట్టిందని పుకారు లేచింది. నీ చెయ్యి విలువ ఇప్పుడు తెలిసింది.

నేను రాసింది తప్పయితే తిట్టు. నాలుగు పేజీలు తిట్టు. తిట్టని మామను నేను ఎన్నడూ చూడలేదు, ఎట్లా ఉండాలో తెలియడం లేదు.

నీ రవళి


కొల్లూరు,
నవంబర్

బిడ్డా,

కోపం వచ్చింది. అబద్ధమెందుకు. చించేద్దమని నీ చిట్టీ రెండుసార్లు చేతుల పట్టుకున్న. చేతగాలె. డ్రైవర్ సీటు కింద పెట్టిన. దాని మీద కూసొనే బస్సు నడిపిన. కానీ లారీ కనబడ్డప్పుడల్ల నీ మాటే యాదికొచ్చింది. అద్దంల చూసుడు, మళ్ల చూసుడు. భయం భయంగ స్టీరింగ్ పట్టుకునుడు నాకు నౌకరీల చేరిన కొత్తల గూడ లేకుండె.

ఒకనాడు యార్డుల బస్సులన్నీ బంద్ ఉన్నయి. మొగులయ్యను పిలిచి, "జెర దూరం పోయి నిలబడి నన్ను పేరు పెట్టి పిలువురా" అన్న. నేను గోడ దిక్కు తిరిగిన. నిలబడ్డ, నిలబడ్డ. ఏం లేదు. వీడు సిగ్గు పడుతుండనుకున్న. "పిలువవేందిరా" అని మర్లి చూసిన.

వాని నోరు తెరిచే ఉన్నది బిడ్డా. మెడ నరాలు ఉబ్బి ఉన్నయి. యార్డుల మందంత పని ఆపి వాన్నే చూస్తున్నరు. "రాములన్నా" అని పిలుస్తనే ఉన్నడు. నేను మర్లిన గూడ ఆపలేదు వాడు. కండ్లల్ల నీళ్లు.

అటే పోయి సూపర్‌వైజర్ సారు బల్ల మీద బస్సు తాళం పెట్టిన. ఎవరూ అడగలే. నేనే పెట్టిన.

డాక్టర్ ఒక రూంల కూసోవెట్టి, చప్పుడు వినవడితే చెయ్యెత్తుమన్నడు. చెయ్యి ఒళ్లెనే ఉన్నది. ఇన్నేండ్లు ఇంజన్ పక్కన కూసుంటి గద, అదే తిన్నదట చెవులను. మిషన్ పెట్టాలెనట. కొలత తీసుకున్నరు.

కంపెనీల స్టీరింగ్ ఇగ ఇయ్యరు. గేటు కాడ కుర్చీ ఏసిండ్రు. బస్సులు వచ్చుడు, పోవుడు టైం చూడాలె. నా బస్సు మొగులయ్యకే ఇచ్చిండ్రు. వాని వెంటవడి పెద్ద బండి లైసెన్స్ తీయించింది నేనే. మొదటి రోజు బస్సెక్కి తలుపు కాడనే నిలబడ్డడు. "అటు కాదురా, ఇటు" అన్న.

గడియారం పంపు. ఆ శ్రీలతకు చెప్పు, ప్లాస్టిక్ అన్నప్పుడు నేను తుమ్మిన అనుకొమ్మను.

నీ మామ


సంగారెడ్డి,
నవంబర్ ఆఖరు

మామా,

నీ చిట్టీ శ్రీలతకు చదివి వినిపించాను. ఆమె నన్నడగకుండానే గడియారం తీసుకుని మళ్లీ గీతకు పెట్టింది, మళ్లీ అద్దం రుద్దింది. తొక్కు మరకలున్న పట్టీ తీసేసి కొత్తది వేసింది. "మీ మామకు చెప్పుండ్రి, నేను గిట్ల ఊరికె ఎవరికీ చెయ్యను," అంది. వినయం కాస్త కొత్తగా స్టాకు వచ్చినట్టుంది.

నేను నోరు మూసుకుని ఉంటే నువ్వు ఇప్పటికీ స్టీరింగ్ మీదే ఉండేవాడివి. ఆ మాట అనుకుంటే బాధ. నిజంగానే నోరు మూసుకుని ఉంటే ఏమయ్యేదో అనుకుంటే భయం. ఈ రెంటికీ కెమిస్ట్రీలో మందు లేదు.

చెవి మిషన్ వచ్చిందని మొగులన్న చెప్పాడు. ఆదివారం పొద్దున ఫోన్ చేస్తా. ఎత్తు. "తిన్నవా" అని అడుగుతా. బాగా ఆలోచించి జవాబు చెప్పు.

రవళి


కొల్లూరు,
డిసెంబర్

కోడలు పిల్లకు,

చెవి మిషన్ పెట్టినంక లోకమంత ఒక్కసారే మీదికొచ్చింది. కుక్కర్ సీటీకి ఎగిరి పడ్డ. చెప్పులకు చప్పుడుంటదని మర్సిపోయిన. నీ అత్త ఏడాది సంది నోట్లె నోట్లె గొణిగేది ఏందో ఇప్పుడు తెలిసింది. "చెవులు చూపించుకో, చెవులు చూపించుకో" అని అంటున్నదట. గట్టిగ అంటే పది ఇండ్లకు వినవడ్తది, నాకు తప్ప. అందుకనే కోపంతోని వంటింట్లకు పోయేదట.

గడియారం చెవి కాడ పెట్టుకున్న. అదే బిడ్డా. పోచయ్య కట్టిన నాటి చప్పుడే. చాయ్ సల్లారినా పెట్టుకొనే కూసున్న.

తర్వాత సోమవారం పొద్దుగాల మళ్ల చప్పుడు లేదు. మిషన్‌ల సెల్లు అయిపోయిందనుకున్న. కాదు, చెవి మంచిగనే ఉన్నది, ముల్లే ఆగింది. కుర్చీల కూసున్న చెయ్యి ఏం ఊగుతది. ఇది ఏ మెకానిక్ చేసే రిపేర్ కాదు. పోచయ్య ముందే చెప్పిండు.

గేటు కాడ మొగులయ్య బస్సు ఆపి, విప్పి వాని చేతికి కట్టిన. వాడు గుంజుకున్నడు. "అన్నా, పొద్దుగాల జెర ఊపుకుంట పెట్టుకో. నాకొద్దు" అన్నడు. "ఊపుడు నా పని కాదురా, బొల్లారం రోడ్డు పని. ఆ గుంతలల్ల ఇది ఎన్నడాగదు" అన్న. ఎనుకున్న షిఫ్టోళ్లు రేకు మీద రెండు దెబ్బలు చరిసిండ్రు. వాడు కండ్లు తుడుసుకొని పోనిచ్చిండు. ఈ చిట్టీ నీకిచ్చే చెయ్యి చూడు.

నాకు గేటు కాడ గోడ గడియారమున్నది. గట్టిగనే కొట్టుకుంటది.

ఇగ ఆదివారం సంగతి. ఇన్ని దినాలు నీ చిట్టీలు సదువుతుంటే నాకు నీ గొంతు వినవడేది. రెండు జడలేసుకొని బస్సు మెట్ల మీద నిలబడి "నేనే టికెట్లు కొడుత మామా" అనేదానివి చూడు, ఆ గొంతు. ఆదివారం ఫోన్ ఎత్తితే ఎవరో పెద్ద మేడం మాట్లాడుతున్నది. సన్నగ, నిమ్మలంగ. "ఎవరమ్మా మీరు" అన్న. "నేనే మామా" అన్నవు.

నీ గొంతు ఎప్పుడు పెద్దగైంది బిడ్డా? నేను ఎన్నేండ్ల సంది వినలేదు?

గదే అడగబోయి, ఫోన్ నీ అత్తకిచ్చి బయటికొచ్చిన. నువ్వడిగినదానికి జవాబు చెప్పుడే మర్సిన.

తిన్న.

నీ మామ
చిన్నరాములు